బొమ్మ వచ్చింది, సన్నాయి రాలేదు: డిస్‌ప్లే డ్రైవర్‌లో హాట్‌ప్లగ్ సిగ్నల్‌ని ఎలా చూసుకోవాలి

విజయనగరంలో ఒక కల్యాణ మండపంలో నేను తయారుచేసిన చిన్న పెట్టె ఒకటి నడుస్తోంది. లోపల లినక్స్ బోర్డు, వెనక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు. ఒక కేబుల్ పెళ్ళి వేదిక పక్కనున్న టీవీకి, ఇంకొకటి భోజనాల హాల్లో టీవీకి వెళ్తాయి. మాఘమాసంలో ఒక ముహూర్తం వేళకి కరెంటు పోయింది. పెట్టెకి యూపీఎస్ ఉంది, టీవీలకి లేదు. జనరేటర్ వేశారు, టీవీలు మళ్ళీ వెలిగాయి. భోజనాల హాల్లో అంతా బాగానే ఉంది. వేదిక పక్కన మాత్రం బొమ్మ సాగదీసినట్టు మసకగా వచ్చింది, సన్నాయి అసలు వినిపించలేదు. మండపం ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, బొమ్మొచ్చింది గానీ చప్పుడు రాదేటి?" కేబుల్ పీకి మళ్ళీ పెట్టమన్నాను. పెట్టగానే రెండూ సర్దుకున్నాయి.

తప్పు నాదే. బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐ చిప్పుకి నేను రాసిన డ్రైవర్‌లో, హాట్‌ప్లగ్ (కేబుల్ తగిలిందా, ఊడిందా అన్న కబురు) చూసే భాగంలో ఉంది. శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని దాన్ని వెతికి సరిచేసేసరికి నాలుగు రోజులు పట్టింది. మీరు కూడా ఇలాంటి డ్రైవర్ రాస్తుంటే ఆ నాలుగు రోజులు మిగిలించుకోండి. లినక్స్ కెర్నల్‌లో తెరల సంగతి చూసే డీఆర్‌ఎం లెక్కన చెబుతాను. ఫంక్షన్ పేర్లు నోటితో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కోడ్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోండి.

మొదట ఒక మాట. హాట్‌ప్లగ్ సిగ్నల్ అంటే వీధి గేటు చప్పుడు లాంటిది. వచ్చింది చుట్టమా, గాలికి కొట్టుకుందా, ఆవు వచ్చి గోక్కుంటోందా అన్నది వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. గేటు చప్పుడు వినగానే చుట్టం వచ్చేశాడని ఇంట్లో అందరికీ చెప్పేసే డ్రైవర్ రాశాను నేను.

ముందు తీగ దగ్గరికి వెళ్ళండి

మామూలు సైజు హెచ్‌డీఎంఐ పోర్టులో 19 పిన్నులు ఉంటాయి. 18వ పిన్ను మీద మన పెట్టె టీవీకి 5 వోల్టులు పంపుతుంది. టీవీ ఆ 5 వోల్టులనే సాధారణంగా ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా 19వ పిన్ను మీద తిప్పి పంపుతుంది. అదే హాట్‌ప్లగ్ సిగ్నల్. 15, 16 పిన్నులు డీడీసీ, అంటే ఐటూసీ తీగలు. టీవీ తన గురించి రాసుకున్న ఈడీఐడీని వాటి మీదే చదువుతాం.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. తిరిగి వచ్చే 5 వోల్టులు మనవే కాబట్టి, గోడ దగ్గర ప్లగ్ తీసేసిన టీవీ కూడా "నేనున్నాను" అనగలదు. ఈడీఐడీ దాచుకున్న చిన్న చిప్పు కూడా మన కరెంటుతోనే నడవగలదు. మండపంలో భోజనాల హాల్ టీవీ అలాంటిదే. కరెంటు పోయినా దాని సిగ్నల్ పడలేదు, అందుకే దానికి ఏమీ కాలేదు. వేదిక పక్కది కరెంటు పోగానే సిగ్నల్ దించేసి, జనరేటర్ రాగానే ఎత్తేసింది. ఈడీఐడీ చదవడానికి సిద్ధమయ్యాకే సిగ్నల్ ఎత్తాలని ప్రమాణం చెబుతుంది. ఈ టీవీ ఇంకా కళ్ళు తెరవకముందే ఎత్తేసింది.

మల్టీమీటర్ పెట్టి చూడండి. కేబుల్ లేనప్పుడు 19వ పిన్ను సున్నా దగ్గర ఉండాలి, టీవీ తగిలించాక 2.4 వోల్టులు దాటాలి. కేబుల్ లేనప్పుడు కూడా అంకె అటూ ఇటూ ఊగుతుంటే మన వైపు తీగని సున్నాకి లాగి ఉంచే పుల్‌డౌన్ రెసిస్టర్ లేదని అర్థం. అది లేకుండా సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని తంటాలు పడినా లాభం లేదు. ప్రాసెసర్ జీపీఐఓ (సిగ్నల్ చదివే మామూలు పిన్ను) 3.3 వోల్టులదైతే మధ్యలో వోల్టేజీ తగ్గించే లెవెల్ షిఫ్టర్ తప్పనిసరి. ఇంకో సంగతి, మన సముద్రపు గాలి. కళింగపట్నం వైపు ఒక దుకాణంలో కేబుల్ మూతి పచ్చగా చిలుము పట్టి ఉంది. అక్కడ డ్రైవర్‌ని తిట్టుకుంటూ సగం రోజు పోగొట్టుకున్నాను.

సొంతంగా రాయాలా అన్నది తేల్చుకోండి

మీ బోర్డులో 19వ పిన్ను నేరుగా జీపీఐఓకి వెళ్తుంటే, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైలు) హెచ్‌డీఎంఐ కనెక్టర్ నోడ్ పెట్టి, అందులో హెచ్‌పీడీ (హాట్‌ప్లగ్) జీపీఐఓనీ డీడీసీ ఐటూసీ బస్సునీ చూపిస్తే చాలు. కెర్నల్‌లో ఉన్న డిస్‌ప్లే కనెక్టర్ డ్రైవర్ సిగ్నల్ లేచే, పడే రెండు అంచుల మీదా ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని తట్టి లేపే సిగ్నల్) పెట్టుకుని, బొమ్మ వెళ్ళే దారిలోని మిగతా డ్రైవర్లకి, అంటే బ్రిడ్జ్ గొలుసుకి, కబురు చేరుస్తుంది. పనైపోతుంటే అదే వాడండి. సిగ్నల్ మీ చిప్పు లోపలికే వెళ్తున్నా, నాకు లాగా మొండి టీవీలతో వేగాల్సి వచ్చినా అప్పుడు సొంతంగా రాయండి.

ఇంటరప్ట్‌లో లేపడం తప్ప ఇంకేమీ చేయకండి

ఐటూసీ 100 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో బైటుకి 9 క్లాకులు పడతాయి. ఈడీఐడీ ఒక బ్లాకు 128 బైట్లు, అంటే దాదాపు 12 మిల్లీసెకన్లు. ఈ కాలం టీవీలన్నిటికీ కనీసం రెండు బ్లాకులు ఉంటాయి కాబట్టి 25 మిల్లీసెకన్లు వేసుకోండి. హార్డ్ ఇంటరప్ట్‌లో అంతసేపు కూర్చోలేం. పైగా ఐటూసీ నిద్రపోయే పని, అక్కడ నిద్రపోవడం కుదరదు. అందుకని త్రెడెడ్ ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ పనిని నిద్రపోగలిగే త్రెడ్‌లో నడిపే పద్ధతి) తీసుకోండి. అందులో కూడా చిప్పు స్టేటస్ క్లియర్ చేసి, డిలేడ్ వర్క్‌ని (కాసేపాగి నడిచే పని) తట్టి వచ్చేయండి.

క్లియర్ చేసే వరుస ముఖ్యం. ముందు ఇంటరప్ట్ బిట్టు క్లియర్ చేసి, తర్వాత పిన్ను స్థితి చదవండి. తలకిందులు చేస్తే, చదవడానికీ క్లియర్ చేయడానికీ మధ్య పిన్ను మారితే ఆ మార్పు ఎప్పటికీ తెలియదు. కేబుల్ తగిలించి ఉంటుంది, డ్రైవర్ మాత్రం లేదనుకుంటూ ఉంటుంది.

కుదురుకునేదాకా ఆగండి, చప్పుడైన సంగతి మాత్రం మరవకండి

చేత్తో కేబుల్ పెడుతున్నప్పుడు సిగ్నల్ నాలుగైదు సార్లు లేచి పడుతుంది. ప్రతి అంచుకీ టైమర్‌ని వెనక్కి జరుపుతూ పోతే (మాడ్ డిలేడ్ వర్క్ చేసేది అదే) చివరి అంచు తర్వాతే పని మొదలవుతుంది. నేను 150 మిల్లీసెకన్లు పెట్టుకున్నాను.

నేను బోర్లా పడింది దీని తర్వాతి వరుసలో. టైమర్ అయ్యాక పిన్ను చదివి, పాత స్థితితో పోల్చి, రెండూ ఒకటే అయితే వెనక్కి వచ్చేసేవాణ్ణి. చూడ్డానికి ఎంత తెలివిగా ఉందో! హెచ్‌డీఎంఐలో టీవీ తన ఈడీఐడీ మారిందని చెప్పాలంటే సిగ్నల్‌ని కనీసం 100 మిల్లీసెకన్ల పాటు దించి మళ్ళీ ఎత్తుతుంది. మధ్యలో ఆడియో రిసీవర్ ఉన్న ఇళ్ళలో ఇది రోజూ జరిగేదే. రిసీవర్ వెనకాల టీవీ ఆన్ అవ్వగానే రిసీవర్ ఇలా ఒకసారి దించి ఎత్తుతుంది. మన టైమర్ అయ్యేసరికి పిన్ను మళ్ళీ పైకి వచ్చేసి ఉంటుంది. పాతది పైన, కొత్తది పైన, "ఏమీ మారలేదు" అని డ్రైవర్ కళ్ళు మూసుకుంటుంది. టీవీ చెప్పిన మాట గాలికి పోయినట్టే.

కాబట్టి టైమర్ చివర స్థితిని పోల్చకండి. అంచు ఒక్కటి వచ్చినా సరే, వెళ్ళి ఈడీఐడీ మళ్ళీ చదివి దాన్ని పోల్చండి.

ఈడీఐడీ చదవడంలోనే అసలు పనంతా

ఐటూసీలో హెక్స్ 50 చిరునామా దగ్గర చదవాలి. మొదటి ఎనిమిది బైట్లు ఎప్పుడూ ఒకటే. ముందొక సున్నా, ఆరు ఎఫ్‌ఎఫ్‌లు, చివర మళ్ళీ సున్నా. 128 బైట్లూ కూడితే వచ్చే మొత్తంలో చివరి బైటు సున్నా కావాలి. సున్నా నుంచి లెక్కపెడితే 126వ బైటులో వెనక ఇంకెన్ని బ్లాకులున్నాయో రాసి ఉంటుంది. ఈ తనిఖీలన్నీ డీఆర్‌ఎం చేసిపెడుతుంది, మీరు రాయక్కర్లేదు. అయితే ఎక్కడ తప్పితే ఏం కనిపిస్తుందో తెలిస్తే ఫోన్లోనే రోగం పట్టేయొచ్చు.

ఈడీఐడీ అసలు రాకపోయినా, కనెక్ట్ అయిందని మన డ్రైవర్ చెబితే, డీఆర్‌ఎం 1024 బై 768 వరకు మామూలు మోడ్‌లు తనే చేర్చేస్తుంది. బొమ్మ సాగదీసినట్టు రావడానికి కారణం అదే. అవతలిది హెచ్‌డీఎంఐ టీవీ అన్న గుర్తూ, దాని ఆడియో వివరాలూ రెండో బ్లాకులో ఉంటాయి. అది చేతికి రాకపోతే డ్రైవర్ టీవీని పాతకాలపు డీవీఐ మానిటర్‌గా లెక్కగట్టి ఆడియో పంపడం మానేస్తుంది. సన్నాయి అక్కడే ఆగింది. ఒకవేళ బొమ్మ సరైన సైజులోనే ఉండి చప్పుడు ఒక్కటే లేదంటే, మొదటి బ్లాకు వచ్చి రెండోది చెడిందని అనుమానించండి.

రాకపోతే ఏం చేయాలి? మళ్ళీ అడగాలి. కానీ ఎక్కడ నుంచి అడుగుతున్నారన్నది చూసుకోండి. నా మొదటి మరమ్మతు డిటెక్ట్ ఫంక్షన్ (టీవీ ఉందా లేదా అని డీఆర్‌ఎం అడిగేది) లోపలే నిద్రపోతూ అడగడం. డిటెక్ట్ నడిచేటప్పుడు కనెక్షన్ లాక్ పట్టుకుని ఉంటాం. సెకనున్నర అలా పట్టుకుంటే, పక్క టీవీకి రిజల్యూషన్ మార్చాలన్నా అది క్యూలో నిలబడాల్సిందే. డిటెక్ట్‌లో ఒక్కసారి చదవండి. రాకపోతే వచ్చేసి, అదే డిలేడ్ వర్క్‌ని 200 మిల్లీసెకన్లకి, తర్వాత 400కి, తర్వాత 800కి పెట్టుకోండి. మధ్యలో కొత్త అంచు వస్తే లెక్క మొదటికి తెచ్చుకోండి. మండపం టీవీ మూడో ప్రయత్నంలో పలికింది.

సిగ్నల్ పైన ఉంది, ఈడీఐడీ రావడం లేదు. అప్పుడు కనెక్ట్ అయిందనాలా, లేదనాలా? నేనైతే అయిందంటాను. ఈడీఐడీ చిప్పు కాలిపోయిన ప్రొజెక్టర్లు మన ఊళ్ళలో ఇంకా పని చేస్తున్నాయి, వాటికి మసక బొమ్మైనా రావాలి. పాత ఈడీఐడీని దాచుకుని అదే వాడేద్దామన్న ఆశ పుడుతుంది. వద్దు. ఆ మధ్యలో టీవీనే మార్చేసి ఉండొచ్చు.

పైవాళ్ళకి ఎప్పుడు చెప్పాలి

డీఆర్‌ఎం_హెల్పర్_హెచ్‌పీడీ_ఐఆర్‌క్యూ_ఈవెంట్ అన్న ఫంక్షన్ హాట్‌ప్లగ్ జెండా ఉన్న కనెక్టర్లన్నిటికీ డిటెక్ట్ నడిపి, మార్పు ఉంటేనే హాట్‌ప్లగ్ అని యూఈవెంట్ (కెర్నల్ పైనున్న ప్రోగ్రాములకి పంపే కబురు) పంపుతుంది. ఒకే కనెక్టర్‌ని చూసే రకం కూడా ఉంది, రెండు పోర్టులుంటే అది మేలు. మార్పు ఉందా లేదా అన్నది కనెక్టర్‌లోని ఎపాక్ కౌంటర్ చూసి తేలుస్తుంది. స్థితి మారినా, ఈడీఐడీ మారినా అది పెరుగుతుంది. మెలిక ఎక్కడంటే, మీరు ఈడీఐడీని గెట్ మోడ్స్‌లో (మోడ్‌ల జాబితా అడిగే ఫంక్షన్) మాత్రమే చదువుతుంటే, డిటెక్ట్ నడిచినప్పుడు కౌంటర్ కదలదు. స్థితి కనెక్టెడ్ నుంచి కనెక్టెడ్, కౌంటర్ పాతదే, యూఈవెంట్ లేదు. మూడో ప్రయత్నంలో ఈడీఐడీ వచ్చినా పైన ఎవరికీ తెలియదు. అందుకే డిటెక్ట్‌లోనే చదివి, డీఆర్‌ఎం_ఈడీఐడీ_కనెక్టర్_అప్‌డేట్‌ని అక్కడే పిలవండి.

ఈ ఫంక్షన్లని మోడ్‌సెట్ లాకులేవీ పట్టుకోకుండా పిలవాలి, లేకపోతే బోర్డు బిగుసుకుపోతుంది. మార్పు లేకుండా యూఈవెంట్ పంపకండి. డెస్క్‌టాప్ ప్రతిసారీ స్క్రీన్లన్నీ మళ్ళీ సర్దుతుంది, కిటికీలు ఒక తెర మీంచి ఇంకో తెర మీదికి గెంతుతాయి.

కేబుల్ పీకగానే బొమ్మ పంపే పైప్‌లైన్‌ని మీ అంతట మీరు ఆపేయకండి. ఏం చేయాలో కంపోజిటర్ (తెర మీద కిటికీలు సర్దే ప్రోగ్రాము) నిర్ణయిస్తుంది. మనం పంపుతూనే ఉంటే అదే టీవీ మళ్ళీ తగిలించినప్పుడు బొమ్మ తనంతట తనే వస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. 4కే, 60 హెర్ట్జ్‌లో క్లాక్ 594 మెగాహెర్ట్జ్. 340 దాటితే స్క్రాంబ్లింగ్ (డేటాని కలగలిపి పంపడం) పెట్టాలి, ఆ సంగతి టీవీలో హెక్స్ 54 దగ్గరున్న ఎస్‌సీడీసీ అనే రిజిస్టర్లలో రాయాలి. కేబుల్ పీకి పెడితే టీవీ దాన్ని మరచిపోతుంది. మనం స్క్రాంబుల్ చేసి పంపుతూ ఉంటాం, అది మామూలుగా చదువుతూ నల్ల తెర చూపిస్తుంది. కనెక్ట్ అయిన ప్రతిసారీ ఆ స్థితి చదివి, పోయి ఉంటే లింక్‌ని మళ్ళీ మొదలుపెట్టండి.

డిస్‌ప్లేపోర్ట్, వీజీఏ అయితే

డిస్‌ప్లేపోర్ట్‌లో 20 పిన్నులు, హాట్‌ప్లగ్ 18వది. ఇక్కడ ఒకే తీగ మీద రెండు రకాల మాటలుంటాయి. అర మిల్లీసెకను నుంచి 1 మిల్లీసెకను వరకు దిగి లేస్తే "నీతో ఒక మాటుంది" అని. 2 మిల్లీసెకన్లు దాటితే పీకేసినట్టు లెక్క. పైన చెప్పిన 150 మిల్లీసెకన్ల ఆగుడు ఇక్కడ పెడితే మొదటి రకం మాట ఒక్కటీ వినిపించదు. పొట్టి, పొడుగు పల్సుల తేడాని హార్డ్‌వేర్‌కే వదిలేయండి. పొట్టి పల్సు వస్తే డీపీసీడీలో (తెర తన స్థితి చెప్పే రిజిస్టర్లు) హెక్స్ 200 నుంచి చదవండి. ఎన్ని తెరలున్నాయి, ఏ పని కోసం పిలిచింది, డేటా వెళ్ళే లేన్లు నిలబడి ఉన్నాయా అన్నవి అక్కడే ఉంటాయి. లేన్లు జారిపోయి ఉంటే మళ్ళీ ట్రెయినింగ్ చేసి (రెండు వైపులా లింక్‌ని కుదిర్చి) ఊరుకోండి, పైకి కబురు అక్కర్లేదు. ట్రెయినింగ్ కూడా విఫలమైతేనే లింక్ స్టేటస్‌ని బ్యాడ్ చేసి హాట్‌ప్లగ్ పంపండి. యూఎస్‌బీ సీ మీద డిస్‌ప్లేపోర్ట్ నడిపితే ఈ పిన్నే ఉండదు, అదే కబురు పవర్ డెలివరీ సందేశంగా వస్తుంది.

వీజీఏకి హాట్‌ప్లగ్ తీగ లేదు. కనెక్టర్‌కి పోలింగ్ జెండాలు పెట్టండి, డీఆర్‌ఎం 10 సెకన్లకి ఒకసారి వెళ్ళి చూసొస్తుంది.

గేటు ఆగకుండా కొట్టుకుంటుంటే

వదులైన కేబుల్ సెకనుకి వందల సార్లు ఇంటరప్ట్ కొట్టగలదు. ఒక ప్రాసెసర్ కోర్ మొత్తం దానికే పోతుంది. ఇంటెల్ ఐ915 డ్రైవర్ దీనికి స్టార్మ్ అని పేరు పెట్టి లెక్క కడుతుంది. ఒక సెకను వ్యవధిలో పొడుగు పల్సుకి 10, పొట్టిదానికి 1 చొప్పున కూడుతూ, 50 దాటితే ఆ పోర్టు ఇంటరప్ట్ ఆపేసి పోలింగ్‌కి మారుతుంది. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ తెరుస్తుంది. ఈ పద్ధతినే కాపీ కొట్టండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఆపేటప్పుడు లాగ్‌లో ఒక్క వరుస రాయండి, ప్రతి అంచుకీ రాయకండి.

నిద్రపోయేటప్పుడు, లేచేటప్పుడు, విప్పేటప్పుడు

మొదలుపెట్టేటప్పుడు హాట్‌ప్లగ్ ఇంటరప్ట్‌ని అన్నిటికంటే చివర తెరవండి. కనెక్టర్ రిజిస్టర్ కాకముందే అంచు వస్తే ఖాళీ పాయింటర్ మీద నడుస్తారు. విప్పేటప్పుడు ముందు ఇంటరప్ట్ ఆపి, తర్వాతే క్యాన్సిల్ డిలేడ్ వర్క్ సింక్ పిలవండి. ముందు వర్క్ ఆపి తర్వాత ఇంటరప్ట్ ఆపితే, ఆ సందులో వచ్చిన అంచు వర్క్‌ని మళ్ళీ లేపుతుంది. మెమరీ ఖాళీ చేశాక అది నడుస్తుంది. సస్పెండ్ నుంచి లేవగానే అంచు రాకపోయినా ఒకసారి డిటెక్ట్ నడపండి, నిద్రలో కేబుల్ ఎవరు మార్చారో మనకేం తెలుసు. చిప్పు ఖాళీగా ఉన్నప్పుడు రన్‌టైమ్‌లో కరెంటు ఆపేస్తుంటే, హాట్‌ప్లగ్ దాన్ని లేపగలగాలి. లేదంటే అప్పటిదాకా పోలింగ్ పెట్టుకోండి.

పరీక్షించండి

ఒక టెర్మినల్‌లో యూఈవెంట్లు చూపించే యూడెవ్ మానిటర్‌ని ప్రాపర్టీలతో తెరిచి డీఆర్‌ఎం సబ్‌సిస్టమ్‌కి పరిమితం చేయండి. ఇంకో దాంట్లో కెర్నల్ లాగ్, డీఆర్‌ఎం డీబగ్‌కి 4 విలువ ఇచ్చి. సిస్ఎఫ్‌ఎస్‌లో ఆ కనెక్టర్ ఫోల్డర్ కింద స్టేటస్ ఫైలు చదవండి, అందులో డిటెక్ట్ అని రాస్తే మళ్ళీ వెళ్ళి చూసొస్తుంది. పక్కనే ఉన్న ఈడీఐడీ ఫైలుని ఈడీఐడీ డీకోడ్ అనే ప్రోగ్రాముకి ఇస్తే మనిషి చదివే భాషలో చెబుతుంది.

కేబుల్ పీకి పెట్టడం ఒక్కటే పరీక్ష అనుకోవద్దు. కేబుల్ సగం పెట్టి కదపండి. గోడ దగ్గర టీవీ ప్లగ్ తీసి వేయండి. బోర్డు నిద్రపోతుండగా ఒక టీవీ తీసి వేరే సైజు టీవీ తగిలించండి. చేత్తో విసుగొస్తుంది కాబట్టి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో చిన్న రిలే బోర్డు కొని, కేబుల్ కోసి 19వ తీగ ఒక్కదాన్నీ దాని గుండా పోనిచ్చాను. స్క్రిప్టు రాత్రంతా ఒకసారి 20, ఒకసారి 120, ఒకసారి 500 మిల్లీసెకన్లు దించి ఎత్తుతూ కూర్చుంది. 120 దగ్గరే నా పాత కోడ్ ప్రతిసారీ దొరికిపోయింది.

తర్వాత బస్సెక్కి మండపానికి వెళ్ళి, కొత్త కెర్నల్ ఎక్కించి, ఎలక్ట్రీషియన్‌ని చేంజోవర్ స్విచ్ తిప్పమన్నాను. పది సార్లు తిప్పాడు. పదిసార్లూ మొదట మసక బొమ్మ, రెండు సెకన్ల లోపు ఒక నల్ల రెప్పపాటు, ఆ తర్వాత సరైన బొమ్మ, చప్పుడు. ఆ నల్ల రెప్పపాటు ఏటని అడిగాడు. టీవీ తన పేరు ఆలస్యంగా చెప్పింది, అప్పుడు సరిచేసుకున్నాం అన్నాను. మొదటి మసక బొమ్మని దాచేయడానికి, ఈడీఐడీ వచ్చేదాకా కనెక్ట్ కాలేదని చెప్పే ఆప్షన్ ఒకటి పెట్టాను గానీ, ఆ కాలిపోయిన ప్రొజెక్టర్ల కోసం దాన్ని ఆఫ్‌లోనే ఉంచాను.